గోడెక్కని పేర్లు: కరోనా కాలపు రైతు సాయం మీద ఒక విమర్శ

కరోనా కాలంలో ప్రభుత్వాలు రైతులకు ఇచ్చిన డబ్బు గురించి మన ఆర్థికశాస్త్రవేత్తలూ పత్రికల వాళ్ళూ రాసిన రాతల్లో రెండు మాటలు పదే పదే కనిపిస్తాయి. ఒకటి 'నేరుగా', రెండోది 'పారదర్శకంగా'. మధ్యన దళారీ లేడు, బ్యాంకు మేనేజరు గది ముందు పడిగాపులు లేవు, హైదరాబాదులో మీట నొక్కితే ఊళ్ళో సెల్లు మోగింది, కాబట్టి ఇంతకన్నా పారదర్శకమైన పథకం లేదన్నది ఆ వాదన సారాంశం. మొదటి మాటతో మాకు పెద్ద పేచీ లేదు. రెండో మాటనే ప్రశ్నించదల్చుకున్నాం. ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ మాత్రమే తెలిసిన లెక్క పారదర్శకం ఎట్లా అవుతుంది? పారదర్శకత అనేది మూడో మనిషికి సంబంధించిన విషయం. ఆ మూడో మనిషి ఎవరు? ఆ భూమిని దున్నుతున్నవాడు, ఆ చేలో కలుపు తీస్తున్న ఆడమనిషి, ఊరి చివర వాడలో ఉంటున్నవాళ్ళు. వాళ్ళ కళ్ళకు ఏం కనిపించింది, ఏం కనిపించలేదు అన్నదే ఈ వ్యాసంలో మా చర్చ.

ఈ చర్చకు జహీరాబాదు ప్రాంతాన్ని తీసుకోవటానికి కారణాలున్నాయి. ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో కర్ణాటక సరిహద్దున ఉన్న ఈ ప్రాంతం 1956 దాకా బీదరు జిల్లాలో భాగం. నిజాం పాలన పోయినా పట్వారీ రాతా, దొరల పెత్తనమూ చాలా కాలం పోలేదు. ఇక్కడి శాసనసభ స్థానం షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయింది గానీ మంచి నేలలు రిజర్వు కాలేదు. దళితుల చేతికొచ్చిన భూముల్లో ఎక్కువ భాగం ప్రభుత్వం అసైన్ చేసిన ఎర్ర గరప నేలలు, రాళ్ళు తేలిన చెలకలు. ఆ నేలల మీదనే, పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత ఆడవాళ్ళు జొన్న, కొర్ర, సామ, కంది ఒకే చేలో కలిపి పండించారు. 1990ల నడుమ తమ సొంత ధాన్యపు పంపిణీ నడుపుకున్నారు. 2008లో మాచ్‌నూర్‌లో సొంత రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ బహుమతి అందుకున్నారు. అంటే ఇక్కడి దళిత స్త్రీ రైతేనని ప్రపంచం ఒప్పుకున్నది. ఒప్పుకోనిది రెవెన్యూ కాగితమే.

ముందు 2020లో జరిగిందేమిటో చూద్దాం. మార్చి 26న కేంద్ర ఆర్థికమంత్రి ప్రకటించిన గరీబ్ కల్యాణ్ ప్యాకేజీలో రైతులకు దక్కింది పి.ఎం. కిసాన్ కింద 2,000 రూపాయలు, 8.7 కోట్ల మందికి. నిజానికిది కొత్త డబ్బు కాదు. ఏడాదికి 6,000 చొప్పున మూడు కిస్తీల్లో ఇస్తున్న పథకంలో రాబోయే కిస్తీని కాస్త ముందుకు జరిపారు. ఇవ్వవలసిన బాకీని దానంగా చూపించటం మన ఊళ్ళల్లో ఆసాములకు పాత అలవాటే. జీతగానికి రావలసిన గింజలు పండుగనాడు కొలిచి పండుగ ఇనాం అని పేరు పెట్టేవాళ్ళు. రాష్ట్ర ప్రభుత్వం తెల్లకార్డు కుటుంబానికి 1,500 రూపాయలు, మనిషికి 12 కిలోల బియ్యం ప్రకటించింది. జూన్‌లో వానాకాలపు రైతుబంధు కింద ఎకరానికి 5,000 చొప్పున దాదాపు 7 వేల కోట్లు పట్టాదారుల ఖాతాల్లో వేసింది. ఉద్యోగుల జీతాల్లో కోత పెట్టిన రోజుల్లో ఇంత డబ్బు కదిలించటం చిన్న విషయం కాదు.

మా వాడల్లో ఎకరం, ఎకరంన్నర పాస్ పుస్తకం ఉన్న ఇండ్లకు కూడా ఆ జూన్‌లో 5,000, 7,500 వచ్చినయి. షావుకారు దగ్గరికి పోకుండా విత్తనాలు కొనుక్కున్నవాళ్ళున్నారు. విశ్వవిద్యాలయాలు మూతపడి ఊరికి వచ్చి పడ్డ మాలాంటి మొదటి తరం చదువరులకు ఆ డబ్బు విలువేమిటో ఎవరూ చెప్పనక్కరలేదు. కనుక రైతుబంధు అంటేనే దండగ అనే పట్నం వాదనతో మాకు పొత్తు లేదు.

అయితే ఈ పథకాల్లో 'రైతు' అంటే ఎవరు? దున్నేవాడు కాదు, పట్టాదారు. 2017 సెప్టెంబరు నుంచి జరిగిన భూరికార్డుల ప్రక్షాళనలో వివాదం లేని భూములు 'పార్ట్ ఎ'లోకి, వివాదం ఉన్నవి 'పార్ట్ బి'లోకి పోయాయి. 2018 మే 10న మొదలైన రైతుబంధుకు ఈ విభజనే పునాది. వినటానికి ఇది గుమాస్తాల పనిలాగా ఉంటుంది. కానీ దళితుని భూమి వివాదంలో లేకుండా ఉన్నదెప్పుడు? తాత పేరు మీదున్న అసైన్డు పట్టా తండ్రికి మారదు. సాదాబైనామా కాగితం రిజిస్టరు కాదు. 1977 చట్టం ప్రకారం చేతులు మారకూడని భూమి ఎవరి అనుభవంలోనో తేలుతుంది. సర్వే నంబరు విస్తీర్ణానికీ పంచిన విస్తీర్ణానికీ పొంతన కుదరదు. వివాదం నేలలో లేదు, రాసినవాడి రాతలో ఉంది. శిక్ష మాత్రం నేల మీదున్నవాడికి. న్యాల్కల్, ఝరాసంగం మండలాల్లో 12,635 ఎకరాల పారిశ్రామిక మండలం కోసం భూములు తీసుకున్నప్పుడు కూడా పట్టా భూమికి ఒక రేటు, అసైన్డు భూమికి ఒక రేటు అన్న గొడవ ఈ రాత దగ్గర్నుంచి వచ్చిందే.

అంతకన్నా పెద్ద విషయం అనుభవదారు గడి పోవటం. పాత పహాణీలో పట్టాదారు పేరు పక్కన సాగు చేసుకుంటున్న మనిషి పేరు రాసే గడి ఉండేది. 1950 హైదరాబాదు కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదార్ల రిజిస్టర్లు కూడా తయారైనాయి. చదువు రాకపోయినా మా తాతలకు ఆ గడి విలువ తెలుసు. అందులో పేరెక్కించుకోవటానికి పట్వారీ చుట్టూ ఏండ్ల తరబడి తిరిగారు. ప్రక్షాళన తర్వాత వచ్చిన రికార్డుల్లో ఆ గడి లేకుండా పోయింది. 2020 అక్టోబరు 29న ధరణి మొదలైనప్పుడు అనుభవదారుకు అందులో చోటు లేదు. కౌలు రైతులకు గుర్తింపు కార్డులివ్వటానికి ఉమ్మడి రాష్ట్రంలో చేసిన 2011 చట్టాన్ని పక్కన పెట్టేశారు. కౌలుదార్లకు రైతుబంధు ఉండదని అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు బహిరంగంగానే చెప్పారు. దాపరికం లేకుండా చెప్పినందుకు మెచ్చుకోవాలి కాబోలు.

జహీరాబాదు సంఘాల్లో దళిత స్త్రీలు కలిసికట్టుగా గుత్తకు తీసుకుని దున్నిన భూములున్నాయి. ఎకరానికి పడ్డ 5,000 దున్నినవాళ్ళకు రాలేదు, గుత్తకిచ్చినాయనకు వచ్చింది. ఒకే చేను మీద గుత్త డబ్బూ సర్కారు డబ్బూ ఒక్క చేతికే. వాళ్ళ సొంత ఇంటి భూమి సంగతికొస్తే పుస్తకం ఎక్కువగా మొగోని పేరు మీదనే ఉంటుంది. విత్తనం దాచేదీ, కలుపు తీసేదీ, కోసేదీ ఆమె. మెసేజు వచ్చేది ఆయన సెల్లుకు. కౌలు రైతుల గురించి మాట్లాడే మిత్రులు కులాన్ని మరిచినట్టే, దళితుల గురించి మాట్లాడే మేం ఈ సంగతిని దాటవేస్తూ వస్తున్నాం.

చావు దగ్గర ఇది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2018 ఆగస్టు 15న మొదలైన రైతుబీమాలో 18 నుంచి 59 ఏండ్ల పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు. కరోనాతో పోయినా అంతే. అదే చేను గుత్తకు దున్ని, అదే జబ్బుతో పోయిన మనిషి ఇంటికి ఏమీ లేదు. తేడా పాస్ పుస్తకం ఒక్కటే.

ఇక్కడిదాకా చెప్పింది చాలామందికి తెలిసిందే. కౌలు రైతుల తరఫున పనిచేసే సంఘాలు చెబుతూనే ఉన్నాయి. ఎవరూ పెద్దగా పట్టించుకోనిది పంచాయతీ గోడ.

2005 ఉపాధి హామీ చట్టం పదిహేడో సెక్షను గ్రామసభ చేత సామాజిక తనిఖీని తప్పనిసరి చేసింది. 2006 నుంచి దీన్ని పెద్ద ఎత్తున చేసి చూపింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. ఏ ఆడమనిషి ఎన్ని రోజులు పనిచేసింది, ఎంత పడ్డది, మస్టరు రోలు మొత్తం ఇంటర్నెట్టులో ఎవరైనా చూసే వీలు పెట్టారు. పంచాయతీ గోడ మీద పేర్లు రాశారు. మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి మైకులో చదివారు. 2022 నుంచి ఇంకో అడుగు ముందుకేసి పనిచోట రోజుకు రెండుసార్లు కూలీల ఫోటోలు తీసి ఎక్కించటం మొదలుపెట్టారు. ఎండలో వరసగా నిలబడ్డ మా అమ్మల ముఖాలు దేశంలో ఎవరైనా చూడగల చోట పెట్టారు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టం స్థానంలో ఇంకో చట్టం చేసింది. అది వేరే చర్చ. సామాజిక తనిఖీని మేం వ్యతిరేకించటం లేదు, దొంగ మస్టర్లు బయటపడింది దానివల్లనే. మా ప్రశ్న ఏమంటే, కూలి డబ్బుకు ఇంత వెలుగు అవసరమైనప్పుడు ఎకరాల డబ్బుకు ఎందుకు అక్కరలేకపోయింది?

లెక్క చూడండి. 2020-21లో తెలంగాణలో ఉపాధి కూలి రోజుకు 237 రూపాయలు. వంద రోజులూ దొరికితే, దొరకవు గానీ దొరికాయనుకుందాం, ఏడాదికి 23,700. 1973 భూసంస్కరణల చట్టం నాసిరకం మెట్టకు ఒక కుటుంబానికి ఒప్పుకున్న గరిష్ఠ పరిమితి 54 ఎకరాలు. అంత భూమికి రెండు పంటల రైతుబంధు 5 లక్షల 40 వేలు. మొదటి డబ్బుకు తట్ట మోయాలి, ఫోటో దిగాలి, సభలో జవాబు చెప్పాలి. రెండోదానికి విత్తనం కూడా వేయనక్కరలేదు. బీడు పెట్టినా, ప్లాట్లు చేసినా, పట్టాదారు హైదరాబాదులో ఉన్నా డబ్బు పడ్డది. సాగులో లేని భూములకు వేల కోట్లు పోయాయని 2023 చివర అధికారంలోకొచ్చిన ప్రభుత్వమే ఆ తర్వాత చెప్పింది. పాత ప్రభుత్వం మాత్రం లబ్ధిదారుల్లో తొంభై శాతం పైగా ఐదెకరాల లోపు వాళ్ళేనని చెబుతూ వచ్చింది. అది తలల లెక్క, రూపాయల లెక్క కాదు.

రైతుబంధులో ఎవరి పాస్ పుస్తకం నంబరుతో వాళ్ళ సంగతి చూసుకోవచ్చు. పేరు పక్కన ఎకరాలు, ఎకరాల పక్కన రూపాయలు పెట్టి ఊరి మొత్తం జాబితా మాత్రం పంచాయతీ గోడ మీదికి ఎక్కలేదు. ఎక్కితే ఏమయ్యేది? ఒకే ఇంటి మనుషుల పేర్లన్నీ కలిపి ఎన్ని ఎకరాలవుతాయో ఎవరైనా వేళ్ళ మీద కూడేవాళ్ళు. సీలింగు దాటినవాళ్ళెవరో, దళితునికి పంచిన సర్వే నంబరు మీద డబ్బు తింటున్నదెవరో తేలేది. ఊళ్ళో అందరికీ తెలిసీ కాగితం మీద లేని సంగతులివి. యాభై ఏండ్లుగా భూసంస్కరణల అధికారులకు దొరకని లెక్క రైతుబంధు కంప్యూటర్లో తయారుగా ఉంది. దాన్ని బయటపెట్టకపోవటం మరుపు వల్ల జరిగిందంటే మేం నమ్మలేం.

మొదటి విడతలో కొంత వేరుగా ఉండేది. 2018 వేసవిలో ఊరూరా షామియానాలు వేసి, పేరు పిలిచి, అందరి ముందు చెక్కు చేతికిచ్చారు. ఎవరి చెక్కు ఎంతదో వరసలో నిలబడ్డవాళ్ళకు తెలిసేది. సిగ్గుకో, మంచి పేరుకో కొందరు పెద్దవాళ్ళు మాకొద్దని ప్రకటించారు కూడా. ఆ ఏడాది చివర ఎన్నికలొచ్చి, చెక్కులు పంచొద్దు, ఖాతాల్లో వెయ్యండని ఎన్నికల సంఘం చెప్పింది. అప్పటినుంచి డబ్బు చప్పుడు లేకుండా కదిలింది. కరోనా వచ్చాక గుంపులు కూడకూడదు గనక ఆ నిశ్శబ్దమే ఆరోగ్య సూత్రం కూడా అయి కూర్చుంది. గ్రామసభ లేదు, చాటింపు లేదు. మన ఊళ్ళల్లో సర్కారు కబురు పదిమందికీ తెలిసింది మాదిగ డప్పు వల్లనేనని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. శిస్తు కట్టాలన్నా, వేలం పాట ఉన్నా దండోరా వేసింది మావాళ్ళే. ఊరికంతటికీ కబురు చెప్పినవాడి పేరు ఆ కబురులో ఉండేది కాదు. 1994లో ఆ మాటనే ఉద్యమానికి పేరుగా పెట్టుకోవటం ఊరికే జరగలేదు.

చట్టం లేదా అంటే ఉంది. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను ప్రకారం ఎవరూ అడగకుండానే ప్రభుత్వ శాఖలు ప్రకటించవలసినవాటిలో సబ్సిడీ పథకాల మొత్తాలు, లబ్ధిదారుల వివరాలు ఉన్నాయి. పి.ఎం. కిసాన్‌లో ఊరివారీ పేర్లు పోర్టల్‌లో పెట్టారు. ఆ పథకం మీదనే కామన్‌వెల్త్ హ్యూమన్ రైట్స్ ఇనిషియేటివ్‌కు చెందిన వెంకటేశ్ నాయక్ సమాచార హక్కు కింద అడిగితే, 20.48 లక్షల మంది అనర్హులకు 1,364 కోట్లు పోయినట్టు 2021 జనవరిలో బయటపడ్డది. వాళ్ళలో సగానికి పైగా ఆదాయపు పన్ను కట్టేవాళ్ళు. అడిగితే కనీసం ఇంత తెలిసింది. అదే కేంద్రం 2020 మార్చిలో పెట్టిన పి.ఎం. కేర్స్ నిధి మాత్రం సమాచార హక్కు కిందికి రాదన్నది. ఇక తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా సమాచార కమిషన్‌లో ఒక్క కమిషనరూ లేడు. అప్పీలు చేసుకున్నవాడు ఎవరి తలుపు కొట్టాలి?

పేర్లు గోడకెక్కిస్తే పేదవాడి పరువు, గోప్యత పోదా అని అడిగే పెద్దమనుషులున్నారు. ఉపాధి కూలీల ఫోటోలు ఎక్కించినప్పుడు వీళ్ళకు గోప్యత గుర్తురాలేదు. అయినా ఇది కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. యూరప్‌లో ఇదే వాదన 2010లో కోర్టుకెక్కింది. వ్యవసాయ సబ్సిడీలు తీసుకున్న వ్యక్తులందరి పేర్లూ వివక్ష లేకుండా ప్రకటించటం చెల్లదని అక్కడి ఉన్నత న్యాయస్థానం అన్నది. వాళ్ళు అక్కడితో ఆగిపోలేదు. 2013లో నిబంధన మార్చి, ఏడాదికి 1,250 యూరోల లోపు పుచ్చుకున్న చిన్న రైతుల పేర్లు దాచిపెట్టి, మిగతావాళ్ళ పేర్లు బయటపెట్టారు. చిన్నవాడికి నీడ, పెద్దవాడికి వెలుగు అన్నమాట. మనకాడ సరిగ్గా తలకిందులు. ఇప్పుడు 2023 వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పేరుతో సమాచార హక్కులోని ఎనిమిదో సెక్షనును మార్చారు. గోప్యత పేరు చెప్పి పెద్ద ఖాతాలను దాచే వీలు ఇంకా పెరిగింది.

ఆ 2020 వానాకాలంలోనే ఇంకొక ముచ్చట జరిగింది. నియంత్రిత సాగు అని పేరుపెట్టి, సర్కారు చెప్పిన పంట వేసినవాళ్ళకే రైతుబంధు అని మే నెలలో ముఖ్యమంత్రి ప్రకటించారు. మక్కజొన్న వద్దు, పత్తీ కందీ వేయండన్నారు. జహీరాబాదు చెలకలో పది, పదిహేను రకాల గింజలు కలిపి చల్లే దళిత స్త్రీ ఏ గడిలో ఏ పంట పేరు రాయించుకోవాలి? పంటల నమోదు కాగితానికి ఒక చేనుకు ఒక పంట ఉంటేనే సుఖం. షరతు పెట్టినట్టుగా అమలు కాలేదు, డిసెంబరు చివర నియంత్రిత సాగునే ఎత్తేశారు. కానీ సాయం పేరు మీద చేనును కూడా కాగితంలాగా సాపు చెయ్యాలన్న కోరిక అప్పుడు బయటపడింది.

పక్క రాష్ట్రం సంగతి కొంత మెరుగు. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రైతు భరోసాలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదార్లను చేర్చారు. జాబితాలు ఊళ్ళల్లోనే అతికించి అభ్యంతరాలు చెప్పమన్నారు. దళిత కౌలుదారు అనే మనిషి ప్రభుత్వ కాగితం మీద కనిపించటం మంచిదే. అయితే సాగుదారు కార్డు రావాలంటే భూమి యజమాని సంతకం కావాలి. ఆ సంతకం దగ్గర ఎంతమంది ఆగిపోయారో ఆ ఊళ్ళవాళ్ళకు తెలుసు.

తెలంగాణలో మళ్ళీ జాబితా చదివింది 2025 జనవరి 21 నుంచి 24 దాకా పెట్టిన గ్రామసభల్లో. చాలాచోట్ల గొడవలైనాయి, అధికారులను నిలదీశారు. పత్రికలు దాన్ని రభస అన్నాయి. మాకది ఐదేండ్లుగా ఆగిన ప్రశ్నలు ఒక్కసారి బయటికొచ్చినట్టు కనిపించింది. అయితే అక్కడ కూడా పాత తేడానే. జనవరి 26న మొదలైన ఇందిరమ్మ ఆత్మీయ భరోసాలో భూమిలేని కూలీ కుటుంబానికి ఏడాదికి 12,000. షరతు 2023-24లో కనీసం 20 రోజుల ఉపాధి పని, రుజువు ఆ మస్టరు రోలే. అదేరోజు మొదలైన రైతు భరోసాలో ఎకరానికి ఏడాదికి 12,000. కూలీ ఇంటి పేరు సభలో చదివారు, ఊరు తర్కించింది. రైతు భరోసా కింద సభ ముందుకొచ్చింది ప్రధానంగా సాగుకు పనికిరాని భూముల లెక్క. పనికొచ్చే భూమి మీద ఎవరికి ఎన్ని ఎకరాలకు ఎంత పోతుందన్నది మైకులోకి రాలేదు.

2025 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతినాడు, ధరణి స్థానంలో భూభారతి తెచ్చారు. పేరు మార్పు గురించి సంబరపడే ముందు మన ఊళ్ళల్లో చేయగల పని ఒకటుంది. ఏ సర్వే నంబరు మీద ఏ పంటకాలంలో ఎంత సాయం పడ్డది, ఆ కాలంలో ఆ నేలను దున్నింది ఎవరు, ఈ రెండూ పక్కపక్కన రాసి గోడకు పెట్టమని గ్రామసభ తీర్మానం చేసి మండల వ్యవసాయాధికారికి పంపవచ్చు. ఐదెకరాల లోపు వాళ్ళ పేర్లు వద్దనుకుంటే వదిలేయవచ్చు. ఝరాసంగం, న్యాల్కల్, రాయికోడ్ మండలాల్లో సంఘాలు బలంగా ఉన్న ఊళ్ళున్నాయి. 2020 జూన్ విడతతో మొదలుపెట్టమని వాళ్ళు అడగవచ్చు.